వాట్సాప్ జబ్బు వేరు, రీల్స్ జబ్బు వేరు

"ఓ నెగెటివ్ బ్లడ్ అర్జెంట్‌గా కావాలి, చిన్న బాబుకి ఆపరేషన్, దయచేసి మీకున్న అన్ని గ్రూపులకీ పంపండి" అనే మెసేజ్ మీ ఫోన్‌కి కూడా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఆసుపత్రి పేరు ఉంటుంది, ఫోన్ నంబర్ ఉంటుంది, చివర్లో జోడించిన చేతుల బొమ్మలు రెండు మూడు ఉంటాయి. లేనిదల్లా తేదీ. ఆ బాబుకి ఆపరేషన్ అయిపోయి, ఇంటికెళ్లిపోయి, ఇప్పుడు బడికి కూడా పోతూ ఉండొచ్చు. మెసేజ్ మాత్రం ఇంకా ఊళ్లు తిరుగుతూనే ఉంటుంది, ఆ నంబర్ ఉన్న మనిషికి వేళాపాళా లేకుండా ఫోన్లు మోగుతూనే ఉంటాయి. పంపినవాళ్లలో ఒక్కరికీ దురుద్దేశం లేదు. అందరూ పుణ్యానికే పంపారు.

బడిలో వ్యాసం రాయమంటే సోషల్ మీడియా వల్ల లాభాలు ఐదు, నష్టాలు ఐదు అని రెండు వరసలు రాసేస్తాం కదా, మరి ఈ మెసేజ్‌ని ఏ వరసలో వేయాలి? మొదటి రోజు లాభం. మూడో రోజు నష్టం. మెసేజ్‌లో అక్షరం కూడా మారలేదు. అది తొందరగా, ఖర్చు లేకుండా, తెలిసినవాళ్ల చేతుల మీదుగా పాకిపోవడమే దాని బలం, దాని రోగం కూడా అదే. అందుకే మంచిని ఉంచుకుని చెడుని తీసేద్దాం అని ఎవరైనా తేలిగ్గా చెప్తే నాకు నమ్మబుద్ధి కాదు.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. సోషల్ మీడియా అని ఒకే మూటలో కట్టేస్తున్నాం గానీ, అందులో కనీసం రెండు రకాల సరుకుంది. వాట్సాప్‌లో మన ముందుకు ఏం రావాలో తేల్చేది మనుషులే. మామయ్య పంపితే వస్తుంది, పంపకపోతే రాదు. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఫేస్‌బుక్‌లలో మనకి ఏం కనపడాలో చాలావరకు కంపెనీ లెక్కలే తేలుస్తాయి, మన వేలు ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో చూసుకుని. మొదటి దాంట్లో నడిచేది నమ్మకం. రెండో దాంట్లో అమ్ముడుపోయేది మన టైమ్. ఈ రెంటినీ కలిపేసి తిట్టడం వల్ల, కలిపేసి పొగడడం వల్ల కూడా, అసలు ఏం సరిచేయాలో తేలకుండా పోతోంది.

ముందు వాట్సాప్ సంగతి చూద్దాం.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, కొన్ని నెలలపాటు డేటా ఫ్రీ. మన ఊళ్లలో చాలామందికి ఇంటర్నెట్ అంటే కంప్యూటరూ కాదు, ఈమెయిలూ కాదు, నేరుగా వాట్సాపే. చదవడం రాని అమ్మమ్మలు కూడా మైక్ బొమ్మ మీద బొటనవేలు నొక్కిపట్టి మాట్లాడి వదిలేయడం నేర్చేసుకున్నారు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్ల ఇళ్లలో ఆ వాయిస్ మెసేజ్ ఎంత పెద్ద విషయమో బయటివాళ్లకి అంత తొందరగా అర్థం కాదు. దుబాయ్ లాంటిచోట వాట్సాప్ కాల్స్ పనిచేయక ఐఎంఓ, బోటిమ్ అంటూ వేరేవి వెతుక్కునేవాళ్లు సైతం వాయిస్ మెసేజ్ మాత్రం వాట్సాప్‌లోనే పెట్టుకుంటారు. అవతల డ్యూటీ అయ్యాక వింటాడు, ఇవతల పిల్లల్ని పడుకోబెట్టాక జవాబు పెడుతుంది. ఉత్తరాల కాలంలో నెల పట్టే సంసారం కబుర్లు ఒక పూటలో అయిపోతాయి. ఏజెంట్ల చేతిలో మోసపోయి ఎడారిలో జంతువులు కాచే పనిలో ఇరుక్కున్నవాళ్లు ఏడుస్తూ తీసుకున్న సెల్ఫీ వీడియోలు ఊరి గ్రూపుల నుంచి మంత్రుల దాకా పోయి, మనుషులు ఇంటికి తిరిగొచ్చిన సందర్భాలు ఉన్నాయి. 2024 జులైలో కువైట్ నుంచి ఒకతని వీడియో అలాగే నారా లోకేశ్ దాకా చేరింది, ప్రభుత్వం, ఎంబసీ కదిలాయి, అతను సొంతూరికి వచ్చాడు. ఎంబసీకి ఉత్తరం రాసుకుని కూర్చుంటే ఎన్నాళ్లు పట్టేదో ఊహించుకోండి.

ఆ వీడియో అంత దూరం పోవడానికి కారణం, దారిలో ఉన్న ప్రతి ఒక్కరూ అడగకుండా నమ్మి పంపడం. మనోడే కదా, మనూరోడే కదా. పేపర్లో వస్తే "ఎవడు రాశాడ్రా ఇది, ఏ పార్టీ పేపరు" అని అడిగే మనిషే, బావమరిది పంపిన ఫార్వర్డ్‌ని మాత్రం కిక్కురుమనకుండా ఇంకో నాలుగు గ్రూపుల్లో వేస్తాడు. బావమరిది అబద్ధం చెప్పడు, నిజమే. కానీ ఆ ముక్క బావమరిది రాసింది కాదు. మనిషి మీద ఉన్న నమ్మకం చప్పుడు లేకుండా మెసేజ్ మీదకి జారిపోతుంది, జారిన సంగతి మనకి తెలియదు.

2018 ఎండాకాలంలో అదే జరిగింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, పార్థీ గ్యాంగ్ అని, బిహార్ గ్యాంగ్ అని, కిడ్నీలు తీసేస్తున్నారని తెలంగాణలో, రాయలసీమలో ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు తిరిగాయి. అప్పట్లో దేశమంతా తిరిగిన ఒక వీడియో గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసం ఎలా తయారవుతుందో అందులో కళ్లకి కట్టినట్టు కనపడుతుంది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు, బైక్ మీద ఇద్దరు వస్తారు, వెనక కూర్చున్నవాడు ఒక పిల్లాణ్ని లటుక్కున ఎత్తేసుకుంటాడు, బైక్ వెళ్లిపోతుంది. సీసీ కెమెరాలో పడ్డట్టు ఉంటుంది. చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. నిజానికి అది పాకిస్తాన్‌లో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ తీసిన అవగాహన వీడియో. అసలు దాంట్లో బైక్ వెనక్కి తిరిగొస్తుంది, పిల్లాణ్ని దించేస్తారు, కరాచీ వీధుల్లో పిల్లాణ్ని ఎత్తుకెళ్లడానికి క్షణం చాలు, జాగ్రత్త అని రాసిన బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించేశారు. అంతే. కొత్తగా కల్పించింది ఏమీ లేదు, గ్రాఫిక్స్ లేవు, చివరి కొన్ని సెకన్లు తీసేయడమే పని. పిల్లల్ని కాపాడుకోమని తీసిన వీడియో మనుషుల్ని కొట్టి చంపడానికి పనికొచ్చింది.

తెలంగాణలో ఆ మే నెలలో ప్రాణాలు పోయాయి. భిక్షం అడుక్కునేవాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు, ట్రాన్స్‌జెండర్లు, భాష రాని కూలీలు: దెబ్బలు తిన్నవాళ్లంతా ఇలాంటివాళ్లే, అంటే అడిగితే తమ గురించి గట్టిగా చెప్పుకోలేనివాళ్లు. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడలో సంతకి వచ్చిన సంచార జాతికి చెందిన ఐదుగురిని పంచాయతీ ఆఫీసులో పెట్టి కొట్టి చంపారు. జులై 13న హైదరాబాద్ కుర్రాళ్లు, వాళ్లతో పాటు ఖతార్ నుంచి వచ్చిన ఒక స్నేహితుడు, కారులో బీదర్ వైపు వెళ్లారు. దారిలో ఒక ఊళ్లో పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారు. అక్కడి జనం అనుమానపడి గొడవ చేస్తే భయపడి కారు ఎక్కేశారు. కారు ముర్కి ఊరు చేరేసరికి అక్కడ దారికి అడ్డం కట్టేసి జనం సిద్ధంగా ఉన్నారు. వాళ్ల కారు కంటే వాట్సాప్ ముందు వెళ్లింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే ఒక కుర్రాడు అక్కడే చనిపోయాడు, మిగతావాళ్లు గాయాలతో బయటపడ్డారు. గాయపడినవాళ్లలో ఆపబోయిన పోలీసులు కూడా ఉన్నారు.

అదే ఏడాది, అవే పుకార్లు తిరిగిన గద్వాల జిల్లాలో మాత్రం ఒక్క ప్రాణం కూడా పోలేదు. అక్కడ ఏం చేశారన్నది, నా దృష్టిలో ఈ మొత్తం గొడవలో అన్నిటికంటే పనికొచ్చే పాఠం. ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊళ్లకి పోలీసుల్ని కేటాయించి పెట్టారు, ఊరి జనంతో పేరు పెట్టి పిలుచుకునేంత పరిచయం ఉండేలా. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపల ఉడికిపోతున్నారని, పిల్లల్ని బయటికి పంపడం లేదని మొదట గమనించింది అలా ఊళ్లోకి వెళ్లిన పోలీసులే. ఎందుకని అడిగితే ఫోన్ తీసి చూపించారట. ఆ తర్వాత పోలీసులు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, సర్పంచుల్ని కలుపుకున్నారు, డప్పు కొట్టించి చాటింపు వేయించారు, జానపద కళాకారులతో పాటలు కట్టించి వందల ఊళ్లలో ఆడించారు. కొత్త మొహం కనపడితే కొట్టకండి, మాకు ఫోన్ చేయండి. చెప్పింది ఇంతే.

ఆ పాట పనిచేయడానికి కారణం అందులో గొప్ప సమాచారం ఉందని కాదు. ఫోన్‌లో వచ్చింది అనుమానంగా అనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో జనానికి తెలిసింది, ఆ ఫోన్ ఎత్తే కానిస్టేబుల్ మొహం తెలుసు. నమ్మకం మీద పాకే పుకారుకి ఇంకో నమ్మకమే అడ్డం పడింది. ఇంగ్లిష్‌లో ఒక ప్రకటన వేసి ఊరుకున్నట్టయితే ఏమయ్యేదో మనకి తెలుసు. ఆ జులైలోనే వాట్సాప్ కంపెనీ పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటనలు వేసింది మరి, ఫేక్ న్యూస్‌ని కలిసి ఎదుర్కొందాం అని. ప్రకటనలు వచ్చాక జరిగిందే బీదర్ ఘటన.

అయితే కంపెనీ చేసినవాటిలో ఒకటి మాత్రం నిజంగా పనికొచ్చింది, అదీ చాలా సాదాసీదా పని. మెసేజ్ మీద 'ఫార్వర్డెడ్' అని చూపించడం, మనదేశంలో ఒకసారికి 5 చాట్‌లకి మించి పంపకుండా ఆపడం. 2019 జనవరిలో ఆ లెక్కని ప్రపంచమంతటికీ పెట్టారు. 2020 ఏప్రిల్‌లో, కరోనా పుకార్ల వేళ, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్‌ని (రెండు బాణాల గుర్తు ఉంటుంది చూడండి, అది) ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా బిగించారు. దానివల్ల అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పింది. ఎవరినీ అరెస్టు చేయలేదు, ఏ మెసేజ్‌నీ చదవలేదు, ఏది నిజం ఏది అబద్ధం అని తేల్చలేదు. వేలికి కాస్త పని పెట్టారు, అంతే. బద్ధకం మనిషికి ఇంత మేలు చేసిన సందర్భం ఇంకోటి ఉందో లేదో.

కానీ కంపెనీలు ఒక చేత్తో బిగించింది ఇంకో చేత్తో వదులు చేస్తాయి. అప్పట్లో గ్రూపుకి 256 మంది, ఐదు గ్రూపులకి పంపితే గట్టిగా 1,280 మంది. 2022లో గ్రూపు పరిమితిని 1,024కి పెంచారు. ఇప్పుడు ఒక్క గ్రూపులో వేసినా దాదాపు అంతమందికీ చేరిపోతుంది. ఎన్నికల టైంలో బూత్‌కో గ్రూపు పెట్టుకునే పార్టీలకి ఇది పండగే, మన రెండు రాష్ట్రాల్లో ఆ పని చేయని పార్టీ ఏదీ లేదు. అందరికీ సోషల్ మీడియా సైన్యాలున్నాయి, అందరూ అవతలివాళ్లనే పేటీఎం బ్యాచ్ (డబ్బులు తీసుకుని పోస్టులు వేసేవాళ్లు) అని తిడుతుంటారు.

ప్రభుత్వం అడిగింది వేరే. మొదట ఎవడు పంపాడో మాకు చెప్పాలి అని 2021 ఐటీ రూల్స్‌లో పెట్టింది. వినడానికి న్యాయంగానే ఉంది కదా, పుకారు పుట్టించినవాణ్ని పట్టుకోవద్దా? కానీ వాట్సాప్‌లో 2016 నుంచి మెసేజ్‌లు పంపినవాడికి, అందుకున్నవాడికి తప్ప మధ్యలో కంపెనీకి కూడా కనపడకుండా తాళం వేసి పోతున్నాయి. పుకారు పంపినవాడి ఆచూకీ కావాలంటే మామూలు మెసేజ్‌ల ఆచూకీ కూడా దాచిపెట్టాలి, ఏది పుకారవుతుందో ముందే ఎవరికి తెలుసు? కంపెనీ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. తాళం తీయమంటే ఇండియా వదిలి వెళ్లిపోతామని 2024లో వాళ్ల లాయర్ కోర్టులోనే అన్నారు. ఈ విషయంలో నేను కంపెనీ పక్షాన్నే ఉన్నాను, కంపెనీ మీద ప్రేమతో కాదు. లంచం అడిగిన ఆఫీసర్ గురించి విలేకరికి చెప్పేవాడూ, ఇంట్లో దెబ్బలు తింటూ అక్కకి మెసేజ్ పెట్టుకునే అమ్మాయీ వాడేది ఆ తాళాన్నే.

మరి ఇంట్లో సంగతి? ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్న ఏదో పిచ్చి వైద్యం వీడియో వేస్తే ఏం చేయాలి? అదే గ్రూపులో, ముప్పై మంది ముందు, ఫ్యాక్ట్ చెక్ లింక్ పెట్టి "ఇది ఫేక్ పెదనాన్నా" అంటే ఆయన ఒప్పుకోడు, ఒప్పుకోలేడు. అల్లుళ్లు, కోడళ్లు, వియ్యాలవారు అందరూ చూస్తున్న చోట అది వైద్యం గురించిన చర్చగా ఉండదు, పరువు సంగతైపోతుంది. పక్కన విడిగా ఒక ఫోన్ చేసి "పెదనాన్నా, ఆ వీడియో ఎవరు పంపారు, నాకూ డౌటొచ్చి చూశాను" అంటే చాలాసార్లు ఆయనే డిలీట్ చేస్తాడు, చేయకపోయినా తర్వాతిది వేసేముందు ఒక క్షణం ఆగుతాడు. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ లాంటివాళ్లు తెలుగులోనే నిజానిజాలు తేల్చి రాస్తున్నారు, మంచి పని. కానీ ఆ లింకుని పెదనాన్న దాకా పరువు పోకుండా చేర్చాల్సింది మనమే.

కరోనా రెండో దశలో, 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ సిలిండర్లు, బెడ్ల కోసం జనం గ్రూపుల్లో, ట్విట్టర్‌లో వెతుక్కున్నప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మొదటి రోజుల్లో పాత నంబర్లు, పనిచేయని నంబర్లు కుప్పలుగా తిరిగాయి, ఊపిరాడని మనిషిని పక్కన పెట్టుకుని ఇరవై నంబర్లకి చేస్తే ఒకటి కూడా కలిసేది కాదు. అప్పుడు వాలంటీర్లే, చాలామంది కాలేజీ పిల్లలే, ఒక పద్ధతి పెట్టుకున్నారు: తామే ముందు ఫోన్ చేసి కనుక్కుని, 'వెరిఫైడ్, ఉదయం 9:40' అని టైమ్ వేసి పెట్టడం, దొరికాక పోస్ట్ తీసేయడం. అదే ఫోన్, అవే గ్రూపులు. తేడా వచ్చింది ఆ టైమ్ ముద్రతోనే. రక్తం కావాలనే మెసేజ్‌కి తేదీ వేస్తే చాలు, సగం పీడ వదిలిపోయేది.

ఇక రీల్స్, యూట్యూబ్. ఇక్కడ మామయ్యలు, పెదనాన్నల పాత్ర తక్కువ. ఇక్కడ ఎవరూ మనకి పంపక్కర్లేదు, దానంతటదే వస్తుంది. ఒకసారి బజ్జీల ప్లేటు ముందు ఆగామని చూసి మూడుపూటలా బజ్జీలే వడ్డించే హోటల్ లాంటిది. మనకి నచ్చిందా, ఒంటికి పడుతుందా అన్నది దానికి అనవసరం, ఆగామా లేదా అన్నదే లెక్క. యూట్యూబ్ 2012లోనే ఎంతమంది నొక్కారన్నది వదిలేసి ఎంతసేపు చూశారన్న దానికి పెద్దపీట వేసింది. ఫేస్‌బుక్ 2017లో కోపం బొమ్మ నొక్కితే మామూలు లైక్‌కి ఐదు రెట్ల విలువ ఇచ్చింది (కోపానికే కాదు, ప్రేమ బొమ్మకి, ఏడుపు బొమ్మకి కూడా అంతే), తర్వాత కోపం తెప్పించే పోస్టుల్లో అబద్ధాలు, విషం ఎక్కువ ఉంటున్నాయని వాళ్లకే తేలి, 2020లో కోపం విలువని సున్నా చేశారు. అంటే మూడేళ్లు, కోట్లమంది ముందుకి ఏం రావాలన్న లెక్కలో మన కోపం లైక్ కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. ఆ మూడేళ్లలో చుట్టాలతో, స్నేహితులతో రాజకీయాల మీద ఎన్ని తగువులు పడ్డామో, అందులో ఎన్ని మనంతట మనం పడ్డవో!

అయినా ఈ రెండో రకం యంత్రం చేసిన మేలు కూడా చిన్నది కాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో చూడండి. కూలి పనులు చేసుకుని బతికిన గంగవ్వ అరవై ఏళ్ల వయసులో రాష్ట్రమంతా తెలిసిన మనిషైంది, 2020లో బిగ్‌బాస్ ఇంట్లోకి కూడా వెళ్లింది. ఏ స్టూడియో గేటు ముందూ ఆమె నిలబడాల్సిన అవసరం రాలేదు. దశాబ్దాల తరబడి సినిమాల్లో విలన్‌కో, కామెడీ పాత్రకో అంటగట్టిన తెలంగాణ యాస అక్కడ ఎవరినీ వెక్కిరించకుండా, దాని ఊళ్లో అది మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంది. గుంటూరు జిల్లా గుడివాడ మస్తానమ్మ అయితే వందేళ్లు దాటాక యూట్యూబ్‌లో వంట మొదలుపెట్టింది, పుచ్చకాయలో చికెన్ వండి ప్రపంచమంతా చూసేలా చేసి 2018 డిసెంబర్‌లో కన్నుమూసింది. టీవీ చానెల్ పెద్దలెవరైనా వీళ్లకి ప్రోగ్రాం ఇచ్చేవాళ్లా? ఇవ్వరు. ఆ యంత్రానికి కులం తెలియదు, యాస తెలియదు, జనం ఆగి చూశారా లేదా అన్నదే తెలుసు. గంగవ్వని పైకి తెచ్చింది ఆ గుడ్డితనమే.

అదే గుడ్డితనం 2023 ఉగాది ముందురోజు కోట శ్రీనివాసరావుని బతికుండగానే చంపేసింది కూడా. ఆయన చనిపోయారని ఎవరో వేశారు, దండ వేసిన ఫొటోతో థంబ్‌నెయిళ్లు తయారైపోయాయి. ఫోన్ల మీద ఫోన్లు, బందోబస్తు కోసమని ఇంటికి పోలీసులు. చివరికి ఆ పెద్దాయన తాను బతికే ఉన్నానని తానే వీడియో పెట్టుకోవాల్సి వచ్చింది. ఎనభై ఏళ్ల మనిషి, పండగ ముందు. ఆ పుకారు వేసినవాళ్లకి ఆయన మీద పగేమీ ఉండి ఉండదు. చావు వార్త దగ్గర వేలు ఆగుతుంది, ఆగితే డబ్బులు, అంతే సంగతి. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల చూపు తెచ్చుకుంటే యూట్యూబ్‌లో యాడ్ల డబ్బుల్లో వాటా మొదలవుతుంది, మామూలు వీడియోలకి 55 శాతం, షార్ట్స్‌కి 45. మిగతాది యూట్యూబ్‌ది. దండ వేసిన ఫొటో మీదా, మస్తానమ్మ కూర మీదా వాటా ఒకటే.

యాడ్ల మీద వచ్చేది చాలామందికి చాయ్ ఖర్చులే. అసలు డబ్బు ప్రమోషన్లలో ఉంది. ఇక్కడే బెట్టింగ్ యాప్‌లు దూరాయి. ఫాలోవర్లతో "అన్నా", "తమ్ముడూ" అని పిలిపించుకునే కుర్రాళ్లు, కొత్త బైకు పక్కన నిలబడి "నేను ఇందులోనే సంపాదించా, లింకు బయోలో ఉంది" అన్నారు. తెలంగాణలో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు 2017 నుంచే నిషేధం, ఆంధ్రలో 2020 నుంచి. నిషేధం ఉన్న రాష్ట్రాల్లోనే తెలుగులోనే ఈ ప్రచారం నడిచింది. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్ల వార్తలు వరసగా వచ్చాక, అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ పేర్లు పెట్టి మరీ పోస్టులు వేయడం మొదలుపెట్టాక, 2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినిమావాళ్ల మీద కేసులయ్యాయి. ఆగస్టులో కేంద్రం చట్టమే తెచ్చి డబ్బు ఆటల్ని, వాటి ప్రకటనల్ని దేశమంతా నిషేధించింది. గమనించారా, ఇక్కడ రెండు యంత్రాలూ కలిసిపోయాయి: వాట్సాప్‌లో బావమరిది మీద ఉండే లాంటి నమ్మకాన్ని, ముక్కూమొహం తెలియని ఫాలోవర్లలో పెంచి, దాన్ని రేటు కట్టి అమ్మారు. సినిమా హీరో సబ్బు యాడ్‌లో కనపడితే అది యాడ్ అని తెలుస్తుంది. రోజూ తన ఇల్లు, తన అమ్మ, తన కుక్కపిల్లని చూపించే అన్న చెప్తే యాడ్‌లా అనిపించదు. కేసులు పెట్టాల్సిందే, కాదనను, కానీ ఆ వీడియోల్ని లక్షలమంది ముందుకి తోసిన కంపెనీల పేర్లు ఈ చర్చలో చాలా తక్కువగా వినపడ్డాయి.

పిల్లల సంగతి వచ్చేసరికి అందరికీ టెన్షన్ ఎక్కువ, స్పష్టత తక్కువ. ఇన్‌స్టాగ్రామ్ లోపలి పరిశోధన 2021లో బయటికి వచ్చినప్పుడు "ప్రతి ముగ్గురు అమ్మాయిల్లో ఒకరికి హాని" అని హెడ్డింగులు వచ్చాయి. సరిగ్గా చదివితే, తమ ఒంటి తీరు గురించి అప్పటికే బాధపడుతున్న అమ్మాయిల్లో 32 శాతం మంది, ఇన్‌స్టాగ్రామ్ వల్ల ఆ బాధ ఇంకా పెరిగిందన్నారు. ఇది చిన్న విషయమని నేననను, కానీ రెండూ ఒకటి కాదు. అందరు పిల్లలూ చెడిపోతున్నారన్న మాట కంటే, అప్పటికే ఏదో లోటుతో ఉన్న పిల్ల ఎక్కువ దెబ్బతింటుందన్న మాట నిజానికి దగ్గర. అలాంటి పిల్ల దగ్గర ఫోన్ లాక్కుంటే సరిపోదు, ఆ లోటేంటో కూడా కనుక్కోవాలి.

ఆస్ట్రేలియా 16 ఏళ్లలోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు బంద్ చేసింది, 2025 డిసెంబర్ 10 నుంచి అమలు. మన దగ్గరా అలాంటిది కావాలనేవాళ్లు పెరుగుతున్నారు. 2023 నాటి మన డేటా రక్షణ చట్టం ఇప్పటికే 18 లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది, పిల్లల్ని వెంటాడి యాడ్లు చూపించొద్దంటోంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఈ చట్టాలన్నీ ఒక మనిషికి ఒక ఫోన్, ఒక అకౌంట్ ఉంటాయనుకుని రాసినవి. మన ఇళ్లలో అలా ఎక్కడుంది? అన్నం తినిపించేటప్పుడు అమ్మ ఫోన్, హోంవర్క్ ఫొటోలు వచ్చేది నాన్న ఫోన్, సెలవుల్లో తాతయ్య ఫోన్. ఐదో తరగతి పిల్లాడికి అకౌంటే లేదు, రోజుకి రెండు గంటలు షార్ట్స్ మాత్రం చూస్తాడు, కంపెనీ రికార్డుల్లో అవి చూసింది నలభై ఏళ్ల గృహిణి. వాడికి పెద్దవాళ్ల యాడ్లు, ఆవిడకి ట్రాక్టర్ బొమ్మల కార్టూన్లు. ఎవరి వయసు ఎవరు తేలుస్తారు, ఎవరి ఆధార్ అడుగుతారు? కరోనాలో ఆన్‌లైన్ క్లాసుల పేరు చెప్పి పిల్లల చేతికి ఫోన్లు ఇప్పించిన బళ్లు ఇప్పటికీ హోంవర్క్‌ని వాట్సాప్ గ్రూపులోనే వేస్తున్నాయి. హోంవర్క్‌ని మళ్లీ డైరీలో రాయించమని వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో అడగొచ్చు, అందుకు ఢిల్లీలో చట్టం రానక్కర్లేదు.